ఎండకు పాడైన చర్మానికి పగటి వెలుగుతో వైద్యం: డేలైట్ పీడీటీ ఎలా పనిచేస్తుంది, సీమలో ఎవరికి పనికొస్తుంది?

అనంతపురం సాయినగర్ వైపు ఆసుపత్రుల బోర్డులు చదువుతూ నడిస్తే లేజర్, ఫోటోథెరపీ, ఫోటో ఫేషియల్, ఎల్‌ఈడీ థెరపీ అనే మాటలు పక్కపక్కనే కనబడతాయి. అన్నిటిలోనూ వెలుతురు ఉంది కాబట్టి అన్నీ ఒకటేనేమో అనిపించడం సహజం. వీటి మధ్యలోకి డేలైట్ ఫోటోడైనమిక్ థెరపీ అనే ఇంకో పేరు కూడా వచ్చి చేరింది. ఎండ దెబ్బతిన్న చర్మానికి ఒక క్రీమ్ రాసి, రెండు గంటలు ఆరుబయట పగటి వెలుగులో ఉంచే వైద్యం ఇది. పొట్టిగా డేలైట్ పీడీటీ అంటారు.

సీమలో ఈ మాట చెబితే రెండు ప్రశ్నలు వస్తాయి. పొద్దున లేచింది మొదలు చేన్లోనే ఉండే మనిషికి మళ్లీ ఎండ చూపించేదేంది? ఎండే మందయితే ఈ క్రీమూ డాక్టరూ ఎందుకు, మిద్దె మీద కూర్చుంటే సరిపోదా? రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఈ వైద్యంలో మందు చర్మకణం లోపల తయారవుతుందని, వెలుగు దాన్ని పనిలోకి దించుతుందని తెలిస్తే రెండిటికీ జవాబు దొరుకుతుంది. క్రీమ్ లేకుండా కూర్చుంటే ఎండ చేసేది మామూలు నష్టమే.

## ‘ఎండకు పాడైన చర్మం’ అనే ఒక్క మాటలో ఎన్ని జబ్బులు

అయోమయం ఇక్కడే మొదలవుతుంది. మన దగ్గర ఎండకు పాడైంది అనగానే ముఖం నల్లబడడం, బుగ్గల మీద మంగు, మెడ మీద దద్దుర్లు గుర్తొస్తాయి. డేలైట్ పీడీటీ ప్రధానంగా వీటి కోసం వచ్చింది కాదు. అది ఆక్టినిక్ కెరటోసిస్ అనే వేరే సమస్య కోసం వచ్చింది.

ఆక్టినిక్ కెరటోసిస్ అంటే ఏళ్ల తరబడి ఎండ తగిలిన చోట పుట్టే గరుకు మచ్చ. బట్టతల, నుదురు, ముక్కు, చెవుల పై అంచు, కింది పెదవి, ముంజేతుల వెనకవైపు వస్తుంది. చాలాసార్లు కంటికంటే వేలికే ముందు తెలుస్తుంది. ఉప్పుకాగితం మీద వేలు పెట్టినట్టు గరగరలాడుతుంది. పైన సన్నని పొలుసు ఉంటుంది, కింద కాస్త ఎర్రగా ఉంటుంది. గీకితే పొలుసు ఊడిపోతుంది, కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మకణాల్లోని డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. చాలా దెబ్బలను కణం తనే బాగుచేసుకుంటుంది. బాగుపడకుండా మిగిలినవి ఏళ్ల మీద పోగై, కణాలు అడ్డదిడ్డంగా పెరగడం మొదలైతే ఈ మచ్చ తయారవుతుంది. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌కు దారితీయగల స్థితి. కొన్ని మచ్చలు వాటంతట అవే మాయమవుతాయి, కొన్ని అలాగే ఉంటాయి, కొద్ది మాత్రం స్క్వామస్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్‌గా మారతాయి.

ఆ కొద్ది ఎంత? ఒక్కో మచ్చను విడిగా చూస్తే ఏడాదిలో అలా మారే అవకాశం చాలా అంచనాల్లో నూటికి ఒకటి కంటే తక్కువే. అంత తక్కువైతే వదిలేయవచ్చు కదా అనిపిస్తుంది. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక్కో మచ్చకు ఏడాదికి వెయ్యిలో ఒక అవకాశం అనుకుందాం. ఒక మనిషి తల మీద అలాంటివి 20 ఉంటే, ఏదో ఒకటి మారే అవకాశం ఏడాదికి నూటికి రెండు. ఏ వైద్యమూ లేకుండా అవన్నీ పదేళ్లు అలాగే ఉంటే నూటికి దాదాపు 18. ఇది నిజ జీవితంలోని అంకె కాదు, కొన్ని మచ్చలు తగ్గిపోతాయి కాబట్టి అసలు లెక్క ఇంత సూటిగా నడవదు. కానీ వైద్యులు ఒక్క మచ్చను కాక మొత్తం చర్మాన్ని ఎందుకు చూస్తారో దీనితో అర్థమవుతుంది. 20 మచ్చలున్న తలలో మచ్చల మధ్య మామూలుగా కనిపించే చర్మం కూడా అదే ఎండ తిన్నది. అందులో ఇంకా పైకి తేలని పాడైన కణాలు ఉంటాయి. ఆ ప్రదేశం మొత్తానికి వైద్యం చేయాలనే ఆలోచన నుంచే పీడీటీ లాంటి పద్ధతులకు గిరాకీ వచ్చింది.

## క్రీమ్ రాస్తే లోపల జరిగేది

మన శరీరంలో ప్రతి కణానికీ హీమ్ అనే పదార్థం కావాలి. రక్తానికి ఎర్రదనం ఇచ్చేది అదే. దాన్ని కణం మెట్లు మెట్లుగా తయారు చేసుకుంటుంది. తొలి మెట్టులో అమైనోలెవులినిక్ ఆమ్లం వస్తుంది, చివరి మెట్టుకు ముందు ప్రోటోపోర్ఫిరిన్-9 అనే పదార్థం వస్తుంది. దానికి ఇనుము కలిస్తే హీమ్. మామూలుగా కణం ఈ పనిని గట్టిగా అదుపులో పెట్టుకుంటుంది, మధ్యలోని పదార్థాలు పేరుకుపోనివ్వదు.

పీడీటీ క్రీమ్‌లో ఉండేది ఆ తొలి మెట్టు పదార్థమే, లేదా దాని దగ్గరి రూపమైన మిథైల్ అమైనోలెవులినేట్. బయట నుంచి అంత మొత్తం వచ్చిపడేసరికి కణం అదుపు దాటిపోయి ప్రోటోపోర్ఫిరిన్ పేరుకుంటుంది. పైన పొలుసుకట్టిన పాడైన చర్మంలోకి క్రీమ్ సులువుగా దిగుతుంది, అడ్డదిడ్డంగా పెరిగే కణాల్లో ఆ పదార్థం మామూలు కణాల్లో కంటే ఎక్కువ పోగవుతుంది. మందుకు మంచి చెడు కణాల తేడా కొంతవరకు తెలిసేది ఇందువల్లే.

ప్రోటోపోర్ఫిరిన్‌కు వెలుగు తగిలితే అది ఆ శక్తిని పీల్చుకుని పక్కనున్న ఆక్సిజన్‌కు అందిస్తుంది. అలా ఉద్రేకించిన ఆక్సిజన్ ఆ కణాన్ని లోపల నుంచే చంపుతుంది. మందు, వెలుగు, ఆక్సిజన్ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఏమీ జరగదు. చీకట్లో క్రీమ్ రాసుకున్నా ఫలితం లేదు, క్రీమ్ లేకుండా రోజంతా వెలుగులో ఉన్నా ఫలితం లేదు.

పనికొచ్చే వెలుగు ఏది అనేది ముఖ్యం. ప్రోటోపోర్ఫిరిన్ అన్నిటికంటే ఎక్కువగా పీల్చుకునేది 410 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి ఊదా నీలం వెలుగును. తర్వాత ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో చిన్న చిన్న శిఖరాలు ఉన్నాయి, చివరిది 630 దాటి ఉంటుంది. ఇవన్నీ కంటికి కనిపించే రంగులే. చర్మాన్ని పాడుచేసే అతినీలలోహిత కిరణాలతో ఈ వైద్యానికి పని లేదు. అందుకే ఆ కిరణాలను ఆపి, కనిపించే వెలుగును మాత్రం వదిలే సన్‌స్క్రీన్ రాసి మరీ ఆరుబయటకు పంపుతారు. మిద్దె మీద కూర్చోవడానికీ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే.

## దీపం కింద మంట, పగటి వెలుగులో ఊరట

1900లో మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి అక్రిడీన్ అనే రంగు పదార్థాన్ని నీటిలోని ఏకకణ జీవులపై పరీక్షిస్తూ, వెలుగు ఉన్నప్పుడే అది వాటిని చంపుతోందని గమనించాడు. ఆ రోజుల్లోనే కోపెన్‌హాగెన్‌లో నీల్స్ ఫిన్సెన్ వెలుగుతో చర్మ క్షయకు వైద్యం చేసి 1903లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. అమైనోలెవులినిక్ ఆమ్లాన్ని చర్మానికి రాసి వెలుగు చూపే పద్ధతిని 1990లో కెనడా వైద్యులు ప్రచురించారు. తర్వాత ఇది యూరప్, అమెరికా ఆసుపత్రుల్లో స్థిరపడింది.

యూరప్‌లో ఎక్కువగా వాడిన ఆ పాత పద్ధతిలో క్రీమ్ రాసి, పైన పట్టీ కప్పి, మూడు గంటలు ఆగుతారు. తర్వాత ఎర్రటి ఎల్‌ఈడీ దీపం కింద సుమారు 8 నిమిషాలు ఉంచుతారు. చదరపు సెంటీమీటరుకు 37 జౌల్స్ శక్తి ఆ కొద్ది నిమిషాల్లో పడుతుంది. పని జరుగుతుంది, కానీ మంట భరించడం కష్టం. కొందరు మధ్యలోనే ఆపమంటారు, కొందరికి నరానికి మత్తు ఇవ్వాల్సి వస్తుంది. ఒకసారి చేయించుకున్నవాళ్లు రెండోసారి రావడానికి వెనకాడడం ఆ పద్ధతికి పెద్ద చిక్కు అయింది.

మళ్లీ కోపెన్‌హాగెన్‌లోనే, బిస్పెబ్యార్గ్ ఆసుపత్రికి చెందిన స్టీనె వీగెల్, హాన్స్ క్రిస్టియన్ వుల్ఫ్ బృందం ఒక సాదా ఆలోచన చేసింది. మందు పోగయ్యేదాకా ఎందుకు ఆగాలి? తయారవుతుండగానే వెలుగు తగిలితే? 2008లో వాళ్లు పగటి వెలుగుతో చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. పాత పద్ధతితో దాదాపు సమానంగా పనిచేసింది, నొప్పి బాగా తగ్గింది.

కారణం చెరువు సంగతిలాంటిదే. నిండా నిండిన చెరువుకు ఒక్కసారి గండి కొడితే వచ్చే నీటి ధాటి వేరు. వచ్చిన నీటిని వచ్చినట్టే తూము తీసి కాలువకు వదిలితే దాని నడక వేరు. రెండిట్లోనూ చేనుకు చేరేది ఇంచుమించు అన్నే నీళ్లు. మూడు గంటలు పోగైన ప్రోటోపోర్ఫిరిన్‌ను ఎనిమిది నిమిషాల్లో రగిలిస్తే నరాలు తట్టుకోలేవు. పుట్టింది పుట్టినట్టే రెండు గంటల పాటు ఖర్చవుతుంటే మనిషికి చురుక్కుమనడం తప్ప పెద్దగా తెలియదు.

## ఆ పూట ఎలా గడుస్తుంది

ఈ పద్ధతి నడిచే తీరు చాలా దేశాల్లో ఒకేలా ఉంది. ముందు ముఖం, మెడ, చేతులు సహా ఎండ తగిలే చోటంతా రసాయన సన్‌స్క్రీన్ రాసి పావుగంట ఆరనిస్తారు. తర్వాత మచ్చల మీది పొలుసులను డాక్టర్ మెల్లగా గీకి తీస్తారు. ఆ చోట క్రీమ్ పలుచగా రాస్తారు, పట్టీ కట్టరు. అరగంట లోపే ఆరుబయటకు వెళ్లాలి. రెండు గంటలు బయట ఉండి, లోపలికి వచ్చి క్రీమ్ కడిగేసి, మిగతా రోజు ఇంట్లోనే ఉంటారు. తర్వాత కొన్ని రోజులు ఎర్రదనం, వాపు, పెచ్చులు ఉంటాయి. ఎక్కువమందికి వారం, పది రోజుల్లో సర్దుకుంటుంది. మూడు నెలలకు మళ్లీ చూస్తారు.

ఇందులో సన్‌స్క్రీన్ రకం చిన్న విషయంలా కనబడుతుంది, కానీ వైద్యం ఫలితమే దాని మీద ఆధారపడి ఉంది. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్లు కనిపించే వెలుగును కూడా కొంత ఆపేస్తాయి. మంగు ఉన్నవారికి డాక్టర్లు రాసే లేత గోధుమ రంగు సన్‌స్క్రీన్లలో ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది, అక్కడ అది మంచిదే. డేలైట్ పీడీటీలో అదే సన్‌స్క్రీన్ రాస్తే మందుకు వెలుగు అందదు.

వెలుగు విషయంలో ఇంకో అపోహ, నడినెత్తి ఎండే కావాలని. అవసరం లేదు. వెలుగును లక్స్ అనే కొలతలో లెక్కిస్తారు, నేరుగా పడే ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. మబ్బు పట్టిన పగటి వెలుగు కూడా చాలాసార్లు పది వేల లక్స్ దాటుతుంది. మన ఆఫీసు గదిలో 300 నుంచి 500 లక్స్ మాత్రమే ఉంటుంది. కాబట్టి నీడ పట్టున, ఆకాశం బాగా కనిపించే వరండాలో కూర్చున్నా పని జరుగుతుంది. ట్యూబ్‌లైటు కింద మాత్రం జరగదు. వాన ఉంటే, లేదా చలి 10 డిగ్రీల కంటే కిందకు పోతే చేయరు. చల్లగా ఉంటే చర్మంలో ప్రోటోపోర్ఫిరిన్ తయారవడం మందగిస్తుంది, మనిషి కూర్చోలేడు కూడా. బ్రిటన్ లాంటి చోట్ల అందుకే గాజు ఇళ్లలో కూర్చోబెట్టి కూడా చేస్తున్నారు.

## అంకెలను ఎలా చదవాలి

ఈ వైద్యం మీద రెండు పెద్ద పరీక్షలు జరిగాయి, ఒకటి ఆస్ట్రేలియాలో, ఒకటి యూరప్‌లో. వాటి ఫలితాలు 2014, 2015లో వచ్చాయి. ఒకే మనిషి ముఖానికి లేదా తలకు ఒక పక్క పగటి వెలుగు పద్ధతి, మరో పక్క దీపం పద్ధతి వాడి పోల్చారు. మూడు నెలలకు ఆస్ట్రేలియాలో పగటి వెలుగు వైపు మచ్చల్లో నూటికి 89, దీపం వైపు నూటికి 93 పూర్తిగా పోయాయి. యూరప్‌లో 70, 74. నొప్పిని సున్నా నుంచి పది దాకా కొలిస్తే ఆస్ట్రేలియాలో పగటి వెలుగుకు 0.8, దీపానికి 5.7. యూరప్‌లో 0.7, 4.4. మచ్చలు పోవడంలో నూటికి నాలుగు తేడా, నొప్పిలో ఎన్నో రెట్ల తేడా. వైద్యులు దీన్ని ఇష్టపడడానికి కారణం ఈ రెండు వరుసలే. అయితే పరీక్షలు ఎక్కువగా పలుచటి మచ్చల మీద జరిగాయి. మందమైన మచ్చలకు ఇది అంత బాగా పనిచేయదు, నీలం వెలుగు చర్మంలోకి లోతుగా దిగలేదు.

ఇంతటితో ఆపితే కథ ఒకవైపే చెప్పినట్టు. 2019లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన మరో పరీక్షలో 624 మంది మీద నాలుగు వైద్యాలను పోల్చారు. ఏడాది తర్వాత మచ్చలు కనీసం నూటికి 75 వంతులు తగ్గినవాళ్లు ఎంతమంది అని చూశారు. 5-ఫ్లోరోయురాసిల్ క్రీమ్ వాడినవాళ్లలో నూటికి దాదాపు 75 మంది, ఇమిక్విమోడ్ క్రీమ్‌తో 54 మంది, దీపం పీడీటీతో 38 మంది, ఇంజెనాల్ జెల్‌తో 29 మంది.

ఒకచోట 93, ఇంకోచోట 38. ఎవరు అబద్ధం చెప్పారు? ఎవరూ కాదు. మొదటి పరీక్షలు లెక్కపెట్టింది మచ్చలను, నెదర్లాండ్స్ పరీక్ష లెక్కపెట్టింది మనుషులను. మొదటివి మూడు నెలలకు చూశాయి, ఇది ఏడాదికి చూసింది. పదిలో ఆరు మచ్చలు పోయిన మనిషి మచ్చల లెక్కలో ఆరు మార్కులు తెస్తాడు, మనుషుల లెక్కలో ఫెయిలవుతాడు. పైగా పోయిన మచ్చలు ఏడాదిలో కొన్ని తిరిగొస్తాయి. ఏ వైద్యం గురించైనా ‘నూటికి తొంభై’ అని వింటే దేనిలో నూరు, ఎన్నాళ్లకు అని అడిగితేనే ఆ అంకెకు అర్థం ఉంటుంది.

అయితే ఫ్లోరోయురాసిల్ గెలిచినట్టేనా? చాలామంది డాక్టర్ల మాట అదే. అది 1960ల నుంచి ఉన్న మందు, పీడీటీ కంటే ఖర్చు తక్కువ, ఇంట్లోనే రాసుకోవచ్చు. రెండో పక్షం వాదన కూడా గట్టిదే. ఆ క్రీమ్‌ను రోజుకు రెండు పూటలా నాలుగు వారాలు రాయాలి. రాసినన్నాళ్లూ ముఖం ఎర్రగా పుండ్లుపడినట్టు ఉంటుంది. పరీక్షలో నర్సులు వెంటబడి అడుగుతారు కాబట్టి రోగులు పూర్తి చేస్తారు. ఇంట్లో రెండో వారానికే ఆపేసేవాళ్లు ఎందరో. డేలైట్ పీడీటీ ఒక్క పూటలో, డాక్టరు కళ్ల ముందు అయిపోతుంది. ఇక ఒకటీ రెండూ మచ్చలే ఉంటే ద్రవ నైట్రోజన్‌తో అక్కడికక్కడే గడ్డకట్టించడం తేలిక. అది మైనస్ 196 డిగ్రీల చల్లదనం. దానితో రంగు చర్మం మీద తెల్ల మచ్చ మిగిలిపోయే అవకాశం ఎక్కువ. ఆ మచ్చను బొల్లి అనుకుని ఊరు అనుమానంగా చూసే చోట ఇది చిన్న విషయం కాదు.

## సీమలో వెలుగుకు కరువు లేదు, మరి?

కోపెన్‌హాగెన్ 55 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉంది, అనంతపురం 15 డిగ్రీల లోపు. ఉత్తర యూరప్‌లో ఈ వైద్యాన్ని వెచ్చటి నెలలకే పరిమితం చేస్తారు. మనకు ఏడాది పొడవునా వెలుగు ఉంది. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పెట్టింది ఊరికే కాదు. మరి ఈ వైద్యం సీమలోనే బాగా వ్యాపించాలి కదా?

వ్యాపించకపోవడానికి మొదటి కారణం మన చర్మమే. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది. అందుకే బేతంచెర్ల నాపరాతి గనుల్లో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషికి కూడా ఆక్టినిక్ కెరటోసిస్ రావడం, అదే వయసు ఆస్ట్రేలియా తెల్లవాళ్లతో పోలిస్తే, చాలా అరుదు. పైన చెప్పిన పరీక్షలన్నీ తెల్ల చర్మం ఎక్కువగా ఉన్న దేశాల్లోనే జరగడానికి కారణం కూడా జబ్బు అక్కడ ఎక్కువ కావడమే.

రెండోది, ఆ మెలనిన్ నీలం వెలుగును కూడా పీల్చుకుంటుంది, అంటే మందు దాకా చేరే వెలుగు కొంత తగ్గుతుంది. కనిపించే వెలుగు కూడా మన రంగు చర్మాన్ని నల్లబరచగలదు, వాపు తగ్గిన చోట మచ్చ మిగిలే స్వభావమూ మనకు ఎక్కువే. కాబట్టి మంగు తగ్గుతుందని, రంగు తేలుతుందని ఎవరైనా డేలైట్ పీడీటీ చేయించుకుంటే ఫలితం తలకిందులయ్యే అవకాశముంది. ఈ ఒక్క విషయం సీమలో అందరికీ చేరాలని నా కోరిక.

మూడోది వేడి. మేలో కర్నూలు 42, 43 డిగ్రీలు చూస్తుంది, మధ్యాహ్నం అతినీలలోహిత కిరణాల తీవ్రతను చెప్పే యూవీ సూచిక 11 దాటుతుంది. ఆ ఎండలో రెండు గంటలంటే వడదెబ్బ భయం ఒకటి, చెమటకు క్రీమ్ జారిపోవడం ఒకటి. వెలుగు మిగులుగా ఉన్న చోట నీడ చాలు కాబట్టి, మన వాతావరణానికి సరిపోయేది చలికాలపు ఉదయాలు, అదీ వేపచెట్టు నీడలో కాదు, ఆకాశం తెరిచి ఉన్న వరండా నీడలో.

## బావంచాల వైద్యం వేరు, ఇది వేరు

మన ప్రాంతంలో వెలుగుతో చర్మ వైద్యం కొత్త కాదు. బొల్లికి బావంచాలు నూరి రాసి ఎండ చూపించడం తరాలుగా ఉంది. ఆ గింజల్లో సొరాలెన్ అనే పదార్థం ఉంటుంది, ఆ కుటుంబానికి చెందిన మందులే ఆధునిక వైద్యంలో కూడా మాత్రగా, లోషన్‌గా వాడుకలోకి వచ్చాయి. దానికి దీపం వాడితే పువా, సూర్యరశ్మి వాడితే పువాసోల్ అంటారు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి: మందు, తర్వాత ఎండ. లోపల జరిగేది మాత్రం వేర్వేరు.

సొరాలెన్‌కు కావాల్సింది అతినీలలోహిత-ఏ (యూవీఏ) రకం కిరణం. అది డీఎన్‌ఏకు అతుక్కుని, రంగు కణాలను మేల్కొల్పడానికి ఉపయోగపడుతుంది. డేలైట్ పీడీటీకి అవే కిరణాలు పనికిరావు, అది పాడైన కణాలను చంపడానికి ఉంది. పువాసోల్‌లో కొద్ది నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. అక్కడ రెండు గంటలు కూర్చుంటే చర్మం బొబ్బలెక్కుతుంది. ‘రెండు గంటలు ఎండలో ఉండాలట’ అనే సగం మాట బావంచాల నూనె రాసుకునేవాళ్ల చెవిన పడితే జరిగే ప్రమాదం ఇదే. ఇక ఆసుపత్రి బోర్డు మీది ఫోటోథెరపీ అంటే చాలావరకు 311 నానోమీటర్ల అతినీలలోహిత బి దీపాల గది. అది బొల్లికి, సోరియాసిస్‌కు. ముఖానికి పెట్టుకునే ఎల్‌ఈడీ మాస్కుల్లో వెలుగే తప్ప పీడీటీ మందు ఉండదు.

## నలుగురు మనుషులు, నాలుగు జవాబులు

ఇప్పుడు ఈ సంగతులను మనుషులకు అన్వయించి చూద్దాం. వీళ్లు ఊహించుకున్న మనుషులే, కానీ ఇలాంటివాళ్లు ప్రతి మండలంలో ఉంటారు.

శింగనమల దగ్గర శెనక్కాయ చేను చేసుకునే యాభై ఏళ్ల ఆమెకు రెండు బుగ్గలూ గోధుమ నలుపుగా మారాయి, గరుకు లేదు. అది మంగు. డేలైట్ పీడీటీతో ఆమెకు పని లేదు. ఆమెకు మేలు చేసేది ఐరన్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్, తలగుడ్డ, డాక్టర్ రాసే క్రీములు.

ధర్మవరంలో జిరాక్స్ షాపు నడుపుకునే ముప్పై ఏళ్ల అబ్బాయికి పుట్టుకతో అల్బినిజం, అంటే చర్మంలో, జుట్టులో, కళ్లలో రంగు తయారు కాదు. నుదుటి మీద, చెవుల మీద గరుకు మచ్చలు లేచాయి. ఈ వ్యాసం నిజానికి ఇలాంటివాళ్ల గురించే. అల్బినిజం తల్లిదండ్రులిద్దరి నుంచి జన్యువు వస్తేనే కనబడుతుంది, మేనరికాలు ఎక్కువైన చోట దాని అవకాశం పెరుగుతుంది. సీమలో మేనరికాలు ఎంత మామూలో అందరికీ తెలుసు. ఆస్ట్రేలియా తెల్లవాళ్ల కంటే కూడా తక్కువ రక్షణతో ఆ పిల్లలు మన ఎండలో బడికి నడుస్తారు. పెద్దయ్యాక పలుచటి మచ్చలు చాలా ఉన్నప్పుడు డేలైట్ పీడీటీ ఆలోచించదగ్గ వైద్యం. కళ్లు వెలుగును తట్టుకోలేవు కాబట్టి నల్లద్దాలు, నీడ తప్పవు. కానీ చిన్నప్పటి నుంచి టోపీ, నిండు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్ అందితే ఆ మచ్చల్లో చాలావరకు రానే రావు. టాంజానియాలో కిలిమంజారో ప్రాంతంలో అల్బినిజం ఉన్నవారి కోసమే స్థానికంగా సన్‌స్క్రీన్ తయారు చేసి పంచుతున్నారు. మన జిల్లాల్లో అలాంటి పని జరగాలని గట్టిగా కోరుకుంటున్నాను. అల్బినిజాన్ని బొల్లితో కలపకూడదని కూడా ఇక్కడే చెప్పాలి. బొల్లి మచ్చల్లో రంగు లేకపోయినా వారికి చర్మ క్యాన్సర్ ముప్పు పెరిగినట్టు పెద్ద అధ్యయనాలు చూపలేదు.

ప్రొద్దుటూరులో కిడ్నీ మార్పిడి జరిగిన ఒక పెద్దాయన. ఒంటి రంగు తెలుపు, బట్టతల. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వేసుకునే మాత్రలు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి, వాటిలో అజాథయోప్రిన్ చర్మాన్ని ఎండకు మరింత లోకువ చేస్తుంది. ఇలాంటివారికి చర్మ క్యాన్సర్ ముప్పు మామూలువారి కంటే ఎక్కువ, మచ్చలు వేగంగా మారతాయి. డేలైట్ పీడీటీ ఇక్కడ ఒక దారి, అయితే ఒక్కసారితో అయిపోదు. ఆయన వాడే మిగతా మందులు కూడా చూడాలి. బీపీకి ఇచ్చే హైడ్రోక్లోరోథయాజైడ్, ఇన్ఫెక్షన్లకు ఇచ్చే డాక్సీసైక్లిన్ చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తాయి. మొదటిదాన్ని ఏళ్ల తరబడి వాడితే స్క్వామస్ సెల్ క్యాన్సర్ పెరిగినట్టు డెన్మార్క్ అధ్యయనాలు చూపాయి. అంతమాత్రాన బీపీ మాత్ర సొంతంగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది, మార్చాల్సింది డాక్టరే. పోర్ఫిరియా అనే జబ్బు ఉన్నవారికి పీడీటీ అసలు చేయరు, వారి శరీరంలో ఆ పదార్థాలు ముందే ఎక్కువ. డీఎన్‌ఏ దెబ్బలను బాగుచేసుకోలేని జీరోడెర్మా పిగ్మెంటోసమ్ పిల్లలకు ఆరుబయట కూర్చోబెట్టే పద్ధతి తగదు.

నాలుగో మనిషి నంద్యాల వైపు రైతు. చిన్నప్పుడు పొయ్యి మీద పడి కాలిన మచ్చ మోకాలి కింద ఉంది. నలభై ఏళ్ల తర్వాత దాని మీద మానని పుండు లేచింది, అంచులు గట్టిపడ్డాయి, ముట్టుకుంటే రక్తం వస్తుంది. ఎండకు పాడైందేమోనని ఎవరో చెప్పారు. స్క్వామస్ సెల్ క్యాన్సర్ ఎండ తగిలే ముఖం మీదే కాదు, ఇలాంటి పాత కాలిన మచ్చల్లో, ఏళ్ల తరబడి మానని పుండ్లలో కూడా పుడుతుంది. డేలైట్ పీడీటీ వెలుగు అంత లోతుకు చేరదు. పైపైన మానినట్టు కనిపించి లోపల పెరిగితే కాలే పోతుంది. అతనికి కావాల్సింది చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ పరీక్ష. అది కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో జరిగే పనే. ముఖం మీది మచ్చకు కూడా ఇదే కొలత వర్తిస్తుంది: గరుకుగా, పలుచగా ఉన్నంతవరకు వెలుగు గురించి మాట్లాడుకోవచ్చు. మందమైనా, నొప్పి పుట్టినా, వేగంగా పెరిగినా, రక్తం కారినా ముందు బయాప్సీ, తర్వాతే ఏ వైద్యమైనా.